జేడ్ పాత్ర కడుపులోకి చూడండి

బీజింగ్‌లో రాజప్రాసాదం పడమటి ద్వారానికి బయట ఒకప్పుడు జెన్‌వూ గుడి ఉండేది. అక్కడి దావో సన్యాసులు కూరగాయలు ఉప్పులో ఊరేయడానికి ఓ పెద్ద రాతి తొట్టి వాడుకునేవాళ్లు. ఆ తొట్టి 1265లో కుబ్లయ్ ఖాన్ కోసం తయారైన మద్యపాత్ర. ఒకే జేడ్ రాయిని తొలిచి చేసింది. ఎత్తు 70 సెంటీమీటర్లు, చుట్టుకొలత ఐదు మీటర్లకు కాస్త తక్కువ, బరువు మూడున్నర టన్నుల దాకా ఉంటుంది. మంగోలుల రాజ్యం పోయింది, ఆ తర్వాత వచ్చిన మింగ్ వంశమూ పోయింది. పాత్ర మాత్రం ఎలాగో ఆ గుడికి చేరి ఊరగాయల తొట్టిగా నిలిచింది. 1745లో ఈ సంగతి మింగ్ తర్వాతి చింగ్ వంశపు చియెన్‌లాంగ్ చక్రవర్తి చెవిన పడింది. బంగారం ఇచ్చి దాన్ని కొనిపించాడు. బెయ్‌హాయ్ సరస్సు పక్కనున్న గుండ్రటి కోటకు తరలించి, 1749లో దానికోసమే ఒక మంటపం కట్టించాడు. ఇవాళ్టికీ అక్కడే ఉంది.

కొన్నాక చక్రవర్తి ఊరుకోలేదు. బయట చెక్కిన అలలకూ, వాటిలో ఈదే డ్రాగన్‌కూ, మిగతా జంతువులకూ నాలుగు విడతలుగా మళ్లీ పని చేయించి మెరుగు పెట్టించాడు. లోపల, ఒకప్పుడు సారా నిలిచిన చోట, తను రాసిన మూడు పద్యాలు చెక్కించాడు.

ఆ పాత్ర గురించి ఎక్కడ చదివినా అలల గురించీ డ్రాగన్ గురించీ నాలుగు పేరాలుంటాయి. అంత పెద్ద బండ నడుమ అంత ఖాళీ ఎలా వచ్చింది, దాన్ని ఎవరు ఎంతకాలం తొలిచి ఉంటారు అనే ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. నేను చెప్పదలచుకున్నది ఇదే. చైనా రాజప్రాసాదాల జేడ్ పాత్రల్లో పెద్ద ఖర్చు, పెద్ద నేర్పు, పెద్ద శ్రమ అన్నీ లోపలి ఖాళీలో ఉన్నాయి. బయటి పూలూ లతలూ ఆ తర్వాతి మాట. మ్యూజియంలు వీటికి ‘అలంకార వస్తువు’ అని చీటీ పెట్టి, గాజు వెనక కళ్ల ఎత్తున నిలబెట్టి, మూత ఉంటే మూత కూడా తీయకుండా చూపిస్తాయి. దాంతో మనం సగం వస్తువునే చూసి ఇంటికొస్తున్నాం.

ముందు ఈ పాత్రలు ఎలాంటి గదుల్లో ఉండేవో చూద్దాం. ప్రాసాదం అనగానే ఎర్ర స్తంభాల మహా సభామంటపాలు గుర్తొస్తాయి గానీ, చియెన్‌లాంగ్ రోజూ కూర్చుని పని చేసుకున్న చోట్లు చాలా చిన్నవి. యాంగ్‌షిన్ దియెన్ అనే భవనంలో ఓ మూల సాన్‌షీథాంగ్ అనే గది ఉంది. మొత్తం కలిపి ఎనిమిది చదరపు మీటర్లు. అందులో కిటికీ పక్కన కాంగ్ అనే అరుగు, దాని మీద పొట్టి బల్ల. ఆ అరుగును కింద నుంచి వేడి చేస్తారు, బీజింగ్ చలికి అది తప్పదు. 1746లో మూడు అపురూపమైన చేతిరాత పత్రాలను అక్కడ దాచుకుని గదికి ఆ పేరు పెట్టుకున్నాడు. అలాంటి గదుల్లో బల్ల మీద రాతసామాను మధ్య ఉండేవి జేడ్ పాత్రలు. కుంచెలు కడుక్కునే గిన్నె, సిరా నూరేటప్పుడు కొద్దికొద్దిగా నీళ్లు తీసుకునే చిట్టిపాత్ర, కుంచెలు నిలబెట్టే గొట్టంలాంటి కూజా. ఇంకో పక్క ధూపం సామగ్రి. అది మూడు పాత్రల జట్టు. ధూపపాత్ర, సుగంధపు పొడి పెట్టుకునే మూత భరిణె, చిన్న గరిటె, పట్టుకారు లాంటి పనిముట్లు నిలబెట్టే కూజా. ఇవి విడివిడిగా కనిపిస్తే ఒక్కోటీ ఒక అందమైన వస్తువు. ఒకచోట ఉంటే అక్కడ ఒక మనిషి కూర్చుని చేయి చాచి ఏం చేసేవాడో అర్థమవుతుంది.

గోడల పొడుగునా డువోబావ్‌గె అనే చెక్క అలమరలుండేవి. వాటి గూళ్లు ఒకే కొలతలో ఉండవు. ఒకటి పొడుగ్గా, ఒకటి వెడల్పుగా, ఒకటి మెట్టులా పక్కకు జరిగి ఉంటుంది. ప్రతి పాత్రకూ దాని అడుగుకు సరిగ్గా అమరేలా చందనపు జాతి చెక్కతో ఒక పీట చేసేవాళ్లు. ఇంకోదాన్ని ఆ పీట మీద పెడితే కూర్చోదు. గూడు, పీట, పాత్ర మూడూ కలిస్తేనే వస్తువు పూర్తయినట్టు లెక్క.

వీటిలో నిజంగా వాడినవి కొన్నే. పెద్ద విందుల్లో పాలు కలిపిన టీ తాగడానికి జేడ్ గిన్నెలుండేవి. చింగ్ చక్రవర్తులది మంచూ అనే జాతి, ఆ జాతికి అది పూర్వీకుల నాటి అలవాటు, అందుకే దానికంత మర్యాద. వాటిల్లో ఒకటి తెల్లటి జేడ్‌లో బంగారు తీగలు పొదిగి, ఎర్రటి కెంపులు అద్దిన గిన్నె. కానీ ఎక్కువ భాగం పాత్రల్లో ఎప్పుడూ ఏదీ పోయలేదు. మూడు వేల ఏళ్ల నాటి కంచు పాత్రల ఆకారంలో, అంటే ఒకప్పుడు పూర్వీకులకు సారా, ధాన్యం నైవేద్యం పెట్టిన పాత్రల ఆకారంలో వీటిని చేయించారు. అడుగున ‘మహా చింగ్ చియెన్‌లాంగ్ కాలంలో ప్రాచీనాన్ని అనుసరించి చేసినది’ అనే అర్థం వచ్చే ముద్ర వేయించారు. వాటిలో నింపాల్సింది ఏమీ లేదు. అయినా లోపల తొలిచారు. అడుగుదాకా, అంచుదాకా, గోడ పలచబడేదాకా తొలిచారు. నన్ను ఆపి నిలబెట్టేది ఈ సంగతే. అలంకారానికే అయితే బయట చెక్కి, మూత దగ్గర రెండంగుళాలు గుంట చేసి వదిలేస్తే చాలుకదా. ఎవరూ లోపల చెయ్యి పెట్టి చూడరు. అయినా అలా వదల్లేదు.

తొలవడం అంటే ఏమిటో తెలిస్తే గానీ దీని బరువు తెలియదు.

ప్రాసాదపు పాత్రల్లో ఎక్కువగా కనిపించేది నెఫ్రైట్ అనే జేడ్. దీనికి ఉలి పనికిరాదు. కాఠిన్యంలో మామూలు ఇనుముకు లొంగదు, పైగా దాని లోపల సన్నటి నారల్లాంటి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి కాబట్టి దెబ్బ కొడితే అనుకున్న చోట పగలదు. అందువల్ల దాన్ని అరగదీయాల్సిందే. సాన మీద గంధం తీసినట్టు, నీళ్లూ ఇసుకా కలిపి, గంటల తరబడి, నెలల తరబడి. అరగదీసేది ఇనుము కూడా కాదు, ఇసుక. జేడ్ కన్నా గట్టివైన రాళ్లను దంచి, జల్లించి, రంగును బట్టి, మెత్తదనాన్ని బట్టి వేరు చేసి పెట్టుకునేవాళ్లు. కాలితో తొక్కితే ముందుకూ వెనక్కూ తిరిగే కడ్డీకి ఇనప చక్రం బిగించి, దాని అంచుకు తడి ఇసుక అందిస్తూ రాయిని ఆనించి పట్టుకునేవాళ్లు. చక్రం పని ఆ ఇసుకను రాయి మీద లాగడం, అంతే.

1891లో లీ చెంగ్‌యువాన్ అనే చిత్రకారుడు ఈ పనిని దశలవారీగా బొమ్మల్లో గీశాడు. రాజ్యం చివరి దశకొచ్చిన కాలం అది, కానీ పనిముట్లు చియెన్‌లాంగ్ నాటివాటికి పెద్దగా భిన్నమైనవి కావు. ఇసుక దంచడంతో మొదలై చివరికి తోలు చక్రంతో మెరుగు పెట్టడంతో ముగుస్తాయి ఆ బొమ్మలు. వాటిలో లోపల తొలిచే దశ ఉంది. ముందు గొట్టంలా చుట్టిన ఉక్కు రేకును తడి ఇసుకతో రాయిలోకి దింపుతారు. గొట్టం దిగినంత మేరా ఒక గుండ్రటి గాడి పడుతుంది, నడుమ రాతి కడ్డీ ఒకటి నిలబడి ఉంటుంది. అప్పుడు చిన్న సుత్తితో ఉక్కు మేకును తట్టి ఆ కడ్డీని మొదట్లో విరగ్గొడతారు. తట్టే బలం కాస్త ఎక్కువైతే కడ్డీతోపాటు పాత్ర కూడా పగులుతుంది. మూతి వెడల్పుగా ఉన్న గిన్నెలకైతే దీంతో సగం పని అయినట్టు. మూతి ఇరుకుగా, కడుపు వెడల్పుగా ఉండే కూజాలకు అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. కొన వంచిన ఇనప కడ్డీని ఆ ఇరుకు మూతిలోంచి లోపలికి పంపి, మెత్తటి ఇసుకా నీళ్లూ పోస్తూ, భుజాల కింద చీకట్లో ఉన్న రాయిని అరగదీయాలి. పనివాడికి తను అరగదీస్తున్న చోటు కనిపించదు. చేతికి తగిలే తీరును బట్టి, బయట వేలితో తడిమి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని గోడ ఎంత మిగిలిందో అంచనా వేసుకోవాలి.

ఈ బొమ్మల వరసలో ఇంకో విషయం ఉంది. తొలవడం ముందు వస్తుంది, బయట పూలు చెక్కడం తర్వాత. అంటే లోపల తొలిచేవాడు ఇంకా పుట్టని డ్రాగన్‌కు చోటు మిగల్చాలి. గోడ ఎక్కడ మందంగా ఉండాలో, ఎక్కడ పలచబడితే పరవాలేదో ముందే మనసులో ఉండాలి. బయటి నగిషీలో తప్పు పడితే ఆకును కాస్త వంచి సర్దుకోవచ్చు. లోపల గోడకు చిల్లు పడితే సర్దుకోవడానికేమీ ఉండదు.

ఓ చిన్న లెక్క వేద్దాం. నెఫ్రైట్ నీటికన్నా దాదాపు మూడు రెట్లు బరువు. లీటరు నీళ్లు పట్టే పాత్ర చేయాలంటే దాని కడుపులోంచి సుమారు మూడు కిలోల రాయి బయటికి రావాలి. ఇరుకు మూతి కూజా అయితే అందులో చాలావరకు బురదగా, ఆ మూతిలోంచే రావాలి. మ్యూజియం చీటీ మీద ఎత్తు ఎంతో రాస్తారు, వెడల్పు రాస్తారు. పోయిన ఆ మూడు కిలోల ఊసు ఎక్కడా ఉండదు.

ఆ రాయి మామూలుగా దొరికేదైతే ఇంత చెప్పనక్కర్లేదు. ప్రాసాదం కోరుకున్న మేలైన తెల్లటి జేడ్ చాలా పడమటన ఉన్న ఖోటాన్, యార్కండ్ పట్టణాల వైపు నుంచి రావాలి. అంటే బీజింగ్‌కు వేల కిలోమీటర్ల దూరం, మధ్యలో ఎడారి. 1755 నుంచి 1759 వరకు జరిగిన యుద్ధాల్లో చియెన్‌లాంగ్ సైన్యాలు ఆ ప్రాంతాన్ని గెలుచుకున్నాయి. ఆ తర్వాత ఏటా రెండుసార్లు, వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి, జేడ్ కప్పంగా రావడం మొదలైంది. రాజ్యంలో జేడ్ పాత్రలు ఉన్నట్టుండి పెరిగింది అప్పటినుంచే.

నదిలో జేడ్ ఏరే తీరును 1777 నాటి ఒక చైనా అధికారి రాతల్లో చదివాను. యార్కండ్ దగ్గర ఇరవై ముప్పై మంది స్థానిక ముస్లింలు భుజం భుజం కలిపి వరసగా, ఉత్త కాళ్లతో నీళ్లలో నడుస్తారు. పాదానికి తగిలే తీరును బట్టి ఏది మామూలు గులకరాయో, ఏది జేడో వాళ్లకు తెలుస్తుంది. ఒకడు వంగి రాయి తీయగానే ఒడ్డున ఉన్న సిపాయి జేగంట కొడతాడు. అధికారి కాగితం మీద ఎర్రచుక్క పెడతాడు. అందరూ ఒడ్డుకొచ్చాక ఎన్ని చుక్కలుంటే అన్ని రాళ్లు అప్పగించాలి. ఒక్క రాయి కూడా మొలలో దాచుకునే వీలు లేదు.

అధికారుల సంగతి వేరు. 1778లో యార్కండ్‌లో ఉన్న గావ్ పూ అనే రాజప్రతినిధి మూడు వేలమందికి పైగా స్థానికుల్ని కొండ మీదికి తోలి జేడ్ తవ్వించి, దాన్ని చాటుగా అమ్ముకుంటున్నాడని బయటపడింది. వాడు చక్రవర్తికి ఇష్టమైన ఒక రాణికి మేనల్లుడు. అయినా చంపించాడు. వాడి తండ్రిని కూడా పదేళ్ల ముందు ఉప్పు డబ్బు తిన్నందుకు చంపించాడు. శిక్ష పడింది రాజుగారి సొత్తు దొంగిలించినందుకు. కొండెక్కి తవ్విన ఆ మూడు వేలమంది కష్టానికి చరిత్రలో దక్కింది ఆ అంకె మాత్రమే.

ఇంత కష్టపడి వచ్చిన రాయిలోంచి అంత భాగం తొలిచి పారబోయడం అంటే ఏమిటో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. పాత్ర చూసినవాడికి దాని ఖాళీలోనే చక్రవర్తి స్తోమత కనిపించేది. రాయిని గుండుగా వదిలేసి పైపైన చెక్కడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. ఖాళీ చేయించడం రాజుకే చెల్లింది. అందుకే ఉత్త పాత్రను నేను వట్టి అలంకారం అనలేను.

పారబోయడం అన్నాను గానీ, ప్రతిదీ పారబోయలేదు. బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో చెట్టు నీడలో ఇద్దరు స్త్రీలున్న ఒక జేడ్ శిల్పం ఉంది. 1773లో చేసింది, పాతిక సెంటీమీటర్ల పొడవు, పదిహేను పైచిలుకు ఎత్తు. ఒక గిన్నెకు కావాల్సిన దిమ్మను తీసేసుకోగా మిగిలిన ముక్క అది. నడుమ గుండ్రటి బొక్క పడి ఉంది. మామూలుగా అయితే చిన్నచిన్న ఉంగరాలకూ పూసలకూ పోవాల్సిన ముక్క. సూజౌ నగరం నుంచి వచ్చిన పనివాడొకడు ఆ బొక్కను తోటలోని గుండ్రటి గుమ్మంగా మార్చాడు. దానికి రెండు తలుపులు, కొంచెం తెరిచినట్టు. లోపల ఒకామె, బయట ఒకామె, ఆ సందులోంచి ఒకరినొకరు చూసుకుంటున్నారు. రాయికి పైన ఉన్న పసుపు నారింజ తోలు చెట్టు ఆకులూ బండలూ అయింది. అడుగున చక్రవర్తి తన పద్యంతోపాటు, గిన్నె చేయగా మిగిలిన దాంతో చేశారన్న సంగతి కూడా చెక్కించాడు. ఆ గిన్నె ఏమైందో అడిగేవాళ్లు లేరు గానీ, దాని వల్ల పడ్డ ఖాళీ మాత్రం అందరికీ కనిపించేలా నిలిచింది. నాకు తెలిసినంతలో చియెన్‌లాంగ్ జేడ్ మొత్తంలో పనివాడి బుర్ర ఇంత సూటిగా కనిపించే వస్తువు మరొకటి లేదు. అతని పేరు మాత్రం అక్కడ లేదు.

ఆ కాలపు పనివాళ్లలో పేరు మిగిలినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో యావ్ జొంగ్‌రెన్ ఒకడు, సూజౌ నుంచి ప్రాసాదపు కార్ఖానాకు వచ్చినవాడు. 1753లో చక్రవర్తి ఒక జేడ్ కప్పును చూసి, దాని మీది ముదురు మరకల్ని బట్టి అది ఎంతో ప్రాచీనమైన హాన్ వంశం నాటిదని నమ్మి, యావ్‌ను పిలిచి అడిగాడు. యావ్ చూసి, అది మా తాత చేసింది అన్నాడు. ఆ మరకలు ఎలా పట్టిస్తారో కూడా చెప్పాడు. నాసిరకం రాయి తీసుకుని, పైన సన్నటి గాట్లు పడేలా కొట్టి, రంగు పట్టించి, రాత్రీ పగలూ సన్నటి సెగ మీద పెడితే ఏడాదికి పాతదనం వస్తుందట. చక్రవర్తి కోప్పడలేదు. ఆ మాటలన్నీ వ్యాసంగా రాసి పెట్టాడు. దేశంలోకెల్లా ఎక్కువ జేడ్ చూసిన రాజు, జేడ్ మీద ఎనిమిది వందలకు పైగా పద్యాలు రాసిన రాజు, ఒక పనివాడి నోటి మాటతో సమాధానపడ్డాడు. వస్తువు లోపలి సంగతి చేసినవాడికే తెలుస్తుంది మరి.

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. జేడ్ బాగా తెలిసినవాళ్లలో చాలామందికి చియెన్‌లాంగ్ కాలపు పాత్రలంటే చులకన. ఐదు వేల ఏళ్ల కిందటి లియాంగ్‌జూ సంస్కృతి వాళ్ల నిలువు గొట్టాల్లాంటి జేడ్‌లను, నడుమ రంధ్రమున్న చక్రాలను చూపించి, ఇక్కడ ప్రాణం ఉంది, అక్కడ వట్టి నేర్పు ఉంది అంటారు. అతి చెక్కుడు, గొలుసులు, జాలీ పని, పువ్వు మీద పువ్వు, పక్షి మీద పక్షి. ఆ మాటలో నిజం ఉంది. ఆ రకం పాత్రలు కొన్ని చూస్తే కళ్లు అలసిపోతాయి. కానీ ఈ మాట మొదట అన్నది చియెన్‌లాంగే. సూజౌలో జువాన్‌జూ సందు అని జేడ్ పనివాళ్ల వీధి ఉండేది. అక్కడి నుంచి వచ్చే కొత్త మోస్తరు వస్తువుల్ని చూసి ఆయన ‘జేడ్‌కు పట్టిన పీడ’ అన్నాడు. అమ్మకం కోసం ఎడాపెడా చెక్కి, చిల్లులు పొడిచి, మంచి రాయిని పాడు చేస్తున్నారని పద్యాల్లో పదేపదే గోల పెట్టాడు. దానికి విరుగుడుగా పాత కంచు పాత్రల నమూనాలు చూపించి అలాగే చేయమన్నాడు. శుభ్రమైన గోడ, స్పష్టమైన కడుపు, తక్కువ నగిషీ. ఆయన కోరినట్టు వచ్చినవాటిని ఇప్పుడు చూసినా ఆ తేడా తెలుస్తుంది. కాబట్టి కాలం మొత్తాన్ని ఒక గాటన కట్టి తీసిపారేయడం కన్నా, ప్రతి పాత్రకూ లోపల ఏం జరిగిందో చూసి తీర్పు చెప్పడం మేలు. బయట పదిమంది దేవతలున్నా లోపల మొరటుగా వదిలేసిన కూజా ఉంటుంది. బయట ఏమీ లేకపోయినా లోపల వేలు జారిపోయేంత నున్నటి గిన్నె ఉంటుంది. రెండోదే గొప్పదని నేనంటాను.

ఆ రెండో రకం గిన్నెల మీద చియెన్‌లాంగ్‌కు మోజు పుట్టించింది మన దేశం. పడమటి ప్రాంతాలు చేతికొచ్చాక యార్కండ్ దారిలో మొఘల్ జేడ్ గిన్నెలు బీజింగ్ చేరడం మొదలైంది. దర్బారు వాటిని హిందుస్థాన్ జేడ్ అని పిలిచింది. 1768లో చక్రవర్తి ఆ హిందుస్థాన్ ఎక్కడుందో తేల్చడానికి ఏకంగా ఒక వ్యాసం రాశాడు. తామరపువ్వు ఆకారంలో అడుగు, మొగ్గల్లాంటి పిడులు, ఆకుల వరసలు, అన్నిటికీ మించి ఆ గోడల పలచదనం ఆయన్ని కట్టిపడేశాయి. అక్కడి పనివాళ్లు నీటితో తిరిగే యంత్రాలతో అరగదీస్తారు కాబట్టే అంత నునుపు వస్తోందని నమ్మాడు. పదుల కొద్దీ పద్యాలు రాశాడు, తన కార్ఖానాలో అలాంటివే చేయించాడు. షాజహాన్ కోసం 1657లో చేసిన మద్యపు కప్పు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సగం గుమ్మడి ఆకారం, సన్నబడుతూ పోయి మేకతలగా తిరిగే పిడి. దాని ఫొటో చూసినా గోడలోంచి వెలుగు దిగడం తెలుస్తుంది. ఆ పలచదనం పూర్తిగా లోపల తొలిచిన పనే.

హైదరాబాద్ వాళ్లకు ఈ సంగతి పరీక్షించుకోవడం సులువు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్‌కు విడిగా ఒక గది ఉంది. జనం గుంపుగా ఆగేది నూర్జహాన్ పండ్లకత్తి దగ్గర, జహంగీర్ బాకు దగ్గర, షాజహాన్ విలుకాడి ఉంగరం దగ్గర. పేర్లు పెద్దవి, ఆగడం సహజం. నేను ఆ గదికి వెళ్లినప్పుడల్లా పేరులేని గిన్నెల దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. కాస్త వంగి, గాజుకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లి, గిన్నె అంచుకూ అడుగుకూ మధ్య గోడ ఎక్కడ సన్నబడిందో వెతుకుతాను. దీపం సరైన వైపు పడితే అక్కడ రాయి రంగు మారుతుంది. మందంగా ఉన్న చోట మసకగా, సన్నగా ఉన్న చోట లేత వెన్నెల రంగులో ఉంటుంది. ఆ రంగు ఒకే మోతాదులో గిన్నె చుట్టూ తిరిగి వచ్చిందంటే, తొలిచినవాడి చెయ్యి ఎక్కడా తడబడలేదన్నమాట. దీపం తప్పు వైపున ఉన్నరోజు ఏమీ కనిపించదు, వట్టి ఆకుపచ్చ గిన్నె కనిపిస్తుంది.

చైనా పాత్రలకు దీపం ఒక్కటే కాదు, గది కూడా పోయింది. 1860 అక్టోబరులో బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు బీజింగ్ దగ్గరి యువాన్‌మింగ్‌యువాన్ వేసవి ప్రాసాదాన్ని దోచుకుని, ఆపైన బ్రిటిష్ సేన దాన్ని తగలబెట్టినప్పుడు, పాత్రలు ఒక దారిన, వాటి పీటలు ఒక దారిన పోయాయి. గూళ్లు బూడిదయ్యాయి. అమెరికాలో హెబర్ బిషప్ అనే ధనికుడు వెయ్యికి పైగా జేడ్ వస్తువులు కూడబెట్టి, 1902లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు. వాటిని అక్కడ పెట్టింది ఫ్రెంచ్ రాజు పదిహేనో లూయీ కాలపు తీరులో అలంకరించిన గదిలో, అంటే ఆయన ఇంటి నాట్యశాలను పోలిన గదిలో. చియెన్‌లాంగ్ కాంగ్ బల్ల మీద కూర్చోవాల్సినవి ఫ్రెంచ్ తరహా హంగుల పక్కన నిలబడ్డాయి. ఆ ఏర్పాటులో అవి నిజంగానే అలంకార వస్తువులు అయిపోయాయి.

దోపిడీ జరగని చోట కూడా ఇదే జరిగింది. తైవాన్‌లోని తైపీ మ్యూజియంలో అందరూ వరస కట్టి చూసే జేడ్ క్యాబేజీ సంగతి చూడండి. 18.7 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ బర్మా జేడ్ ముక్క బీజింగ్ రాజప్రాసాదమైన ఫర్బిడెన్ సిటీలో, యోంగ్‌హె అనే భవనంలో దొరికింది. దొరికినప్పుడు మీనాకారీ పని చేసిన చిన్న పూలకుండీలో మొక్కలా నాటి ఉంది. అంటే అది ఒక గదిలో, ఒక బల్ల మీద, కుండీతో కలిపి చూడాల్సిన వస్తువు. తర్వాత దాన్ని కుండీలోంచి తీసి చెక్కపీట మీద నిలబెట్టారు. 1924 చివర్లో చివరి చక్రవర్తి పూయీని వెళ్లగొట్టాక ప్రాసాదంలో సామాను జాబితా రాసిన వాళ్లు మాత్రం చాలా జాగ్రత్తపడ్డారు. ఒక్కో భవనానికి ఒక్కో అక్షరం ఇచ్చి, దాని కింద అంకెలు వేసి, ఏది ఏ భవనంలో దొరికిందో రాసుకుంటూ పోయారు. ఆ జాబితాలో మొట్టమొదటి అంకె వేసింది రెండు మెట్ల చెక్కపీటకు. జేడ్‌కూ పీటకూ తేడా చూపకుండా గదిని గదిగా రాసిన ఆ జాబితా నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఇప్పుడు ఆ పాత్రల్ని తిరిగి గదుల్లో అమర్చి చూపాలంటే ఆధారం అదే.

చియెన్‌లాంగ్ 1799లో చనిపోయాడు. ఆ ఏడాదే కొడుకు జియాచింగ్ ఒక ఆజ్ఞ పంపాడు. యార్కండ్ నుంచి బీజింగ్‌కు పెద్ద పెద్ద జేడ్ బండలు లాక్కొస్తున్నారు, ఈ ఉత్తరువు అందిన చోటే వాటిని వదిలేసి వెళ్లిపొమ్మన్నాడు. మోసేవాళ్ల కష్టమూ ఖర్చూ కలిపి చూస్తే ఆ ఆజ్ఞలో తప్పేమీ కనిపించదు. దారిలో వదిలేసిన ఆ బండల్లోంచి ఏ పాత్రా రాలేదు. కడుపు తొలిపించుకోని రాయికి ప్రాసాదంలో చోటు లేదు, దాన్ని మోయించడానికి ఎవరికీ మనసూ రాలేదు.

మ్యూజియం వాళ్లను నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఎత్తు, వెడల్పుతోపాటు పాత్ర ఎన్ని లీటర్లు పడుతుందో, బరువెంతో చీటీ మీద రాయండి. ఆ రెండు అంకెలుంటే తొలిచిన రాయి ఎంతో ఎవరైనా లెక్క కట్టుకోగలరు. మూత తీసి పక్కన పెట్టండి. ఇరుకు మూతి కూజాకైతే నిలువునా కోస్తే గోడ ఎలా ఉంటుందో ఒక గీత బొమ్మ వేయండి, స్కాన్ చేసే యంత్రాలు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. పలచటి గిన్నెల వెనక నుంచి ఒక చిన్న దీపం పడేలా చూడండి. సాలార్‌జంగ్ జేడ్ గదిలో ఈ చివరి పని రెండు మూడు గిన్నెలకు చేసినా చాలు, కత్తి దగ్గరి జనంలో కొందరైనా ఇటు జరుగుతారు.